కంటిపాప చిన్నబడితే: ఇంట్లో సరిగ్గా చూసే పద్ధతి, వెనకుండే కారణాలు, ఎప్పుడు పరుగెత్తాలి

“అమ్మ కంటిపాపలు ఆవగింజల్లా ఉన్నాయి, షుగర్ వల్లేనా?” “బాబు ఫొటోలో ఒక పాప చిన్నగా, ఇంకోటి పెద్దగా ఉంది, ఏమవుతుందో అని భయంగా ఉంది.” “పొలంలో పురుగుమందు కొట్టి వచ్చాక చూపు మసకేసింది, అద్దంలో చూస్తే పాప చుక్కంత ఉంది.” ఈ మూడు ప్రశ్నలూ రకరకాల మాటల్లో నాకు వస్తూనే ఉన్నాయి. మొదటావిడ వచ్చే వారం చూపించుకున్నా సరిపోవచ్చు. బాబు సంగతి ఈ వారంలోనే తేలాలి. మూడో మనిషి మాత్రం ఈపాటికి ఆసుపత్రి దారిలో ఉండాలి.

పాప ఎంత చిన్నదన్న లెక్క ఒక్కటే చూస్తే ఈ మూడింటికీ తేడా తెలియదు. దానితోపాటు ఒంట్లో ఇంకేం జరుగుతోందో చూస్తేనే తెలుస్తుంది. అందుకే కింద చెప్పే వరుస తప్పకండి.

## 1. ముందు మనిషిని చూడండి, తర్వాతే కన్ను

టార్చి వెతకడానికి ముందే ఈ జాబితా చూసుకోండి. ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేయండి. కొలతలు తర్వాత.

- పిలిస్తే పలకడం లేదు, లేదా లేపినా మళ్లీ మగతలోకి జారిపోతున్నారు
- ఊపిరి బాగా నెమ్మదించింది, లేదా గురగురమంటోంది
- నోట్లోంచి చొంగ, నురగ, ఒళ్లంతా చెమట, ఆగని వాంతులు, విరేచనాలు
- కండరాలు చర్మం కింద పురుగులు పాకినట్టు అదురుతున్నాయి
- మాట తడబడింది, మూతి వంకరపోయింది, కాలో చెయ్యో పడిపోయింది
- ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, లేదా మెడ నొప్పితోపాటు ఒకవైపు రెప్ప వాలింది
- ఏదో మందు తాగారనో మింగారనో అనుమానం ఉంది

ఊపిరి లెక్కపెట్టడం తేలిక. పొట్ట, ఛాతీ లేచి దిగడాన్ని ఒకసారిగా లెక్కేస్తూ నిండా ఒక నిమిషం చూడండి. నిమ్మళంగా ఉన్న పెద్దవాళ్లకి నిమిషానికి 12 నుంచి 20 దాకా వస్తుంది. పాపలు సూదిమొనంత ఉండి ఊపిరి 10 దగ్గరికి పడిపోయిందంటే “పడుకోనీలే, లేస్తారు” అని వదిలేయొద్దు.

## 2. ఏది పాప, ఎంత ఉంటే చిన్నది

చాలామంది నల్లగుడ్డు మొత్తాన్నీ కంటిపాప అనుకుంటారు. నల్లగుడ్డు నిజానికి గోధుమరంగు పొర. దాని నడిమధ్య ఉండే కటిక నల్లటి గుండ్రటి రంధ్రమే పాప. వెలుతురు లోపలికి వెళ్లే దారి అది.

ఆ రంధ్రాన్ని బిగించే కండరం ఒకటి, విప్పే కండరం ఇంకొకటి. బిగించేదానికి ఎసిటైల్‌కొలీన్ అనే రసాయనం ద్వారా ఆజ్ఞ అందుతుంది. విప్పేదానికి సింపథెటిక్ నరం ఆజ్ఞ ఇస్తుంది. పాప చిన్నబడిందంటే బిగించే పక్క ఎక్కువైనా కావాలి, విప్పే పక్క దెబ్బతిన్నా కావాలి, లేదా పాప అంచు ఎక్కడో అతుక్కుపోయైనా ఉండాలి. కింద వచ్చే కారణాలన్నీ ఈ మూడింట్లో ఏదో ఒకదాని కిందికి వస్తాయి.

మంచి వెలుతురులో మామూలు పాప 2 నుంచి 4 మిల్లీమీటర్లు, చీకట్లో 4 నుంచి 8 ఉంటుంది. మామూలు గది వెలుతురులో 2 కన్నా తక్కువుంటే చిన్నదని లెక్క. వంటింటి కొలతలో చెప్పాలంటే గసగసాల గింజ సుమారు 1 మిల్లీమీటరు, ఆవగింజ 2కి కాస్త అటూఇటూ, మిరియం 5 దాకా. చీకట్లో కూడా పాప ఆవగింజను దాటడం లేదంటే పట్టించుకోవాలి.

## 3. చూసే పద్ధతి

మన కళ్లు ముదురు గోధుమరంగువి. మామూలు గదిలో ఎదురుగా నిలబడి చూస్తే నల్లగుడ్డుకీ పాపకీ తేడా కనపడదు. ఇంట్లో చేసే పొరపాట్లలో సగం ఇక్కడే మొదలవుతాయి.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి:

- తలుపులు, కర్టెన్లు మూస్తే మసకపడే గది
- సన్నని వెలుగిచ్చే టార్చి. ఫోన్ లైటైతే మీద పలచటి తెల్ల కాగితం అడ్డుపెట్టండి
- మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు
- వీడియో తీయడానికి ఇంకో ఫోన్
- కళ్లద్దాలు, కాంటాక్ట్ లెన్సులు తీసేయడం. రంగు లెన్సు ఉంటే పాప కొలత నమ్మలేం

వరుస:

(1) మనిషిని కూర్చోబెట్టి కనీసం 10 అడుగుల దూరంలో ఉన్న గోడ గడియారాన్నో క్యాలెండర్‌నో చూడమనండి. దగ్గరి వస్తువును చూస్తే పాప తనంతట తనే ముడుచుకుంటుంది. మీ మొహం వంక చూడమన్నారంటే పరీక్ష చెడినట్టే.

(2) గదిలో మామూలు దీపం వేసి టార్చిని చెంప పక్కనుంచి, కొంచెం కిందగా, వాలుగా వేయండి. నల్లగుడ్డు గోధుమరంగులో మెరిసి నల్లటి పాప విడిగా కనిపిస్తుంది. స్కేలును కంటికి తగలకుండా కింది రెప్ప దగ్గర అడ్డంగా పట్టి కొలత రాసుకోండి. రెండు కళ్లకూ.

(3) దీపం ఆపేయండి. కన్ను కనీకనబడనంత వెలుగు చాలు. 5 సెకన్ల దగ్గర ఒకసారి, 15 సెకన్ల దగ్గర ఒకసారి రెండు పాపల్నీ చూడండి. వీడియో తీస్తే ఇంకా మంచిది. ఒక పాప వెంటనే విప్పుకుని, రెండోది వెనకబడి నెమ్మదిగా వస్తోందా? ఈ ఒక్క విషయం డాక్టరుకు ఎంతో పనికొస్తుంది.

(4) ఇప్పుడు టార్చిని పక్కనుంచి ఒక కంట్లోకి 2 సెకన్లు వేసి తీయండి. పాప ఇంకా ముడుచుకుంటోందా లేదా? రెండో కన్నుకూ అలాగే.

(5) పాప గుండ్రంగా ఉందా, కోలగా, అంచు చిరిగినట్టు ఉందా చూడండి. తెల్లగుడ్డు ఎర్రబడిందా, పై రెప్ప వాలిందా కూడా రాయండి.

(6) రెండు పాపల్లో తేడా ఉంటే పాత ఫొటోలు తీయండి. పెళ్లి ఫొటో, కాలేజీ ఐడీ కార్డు, ఫోన్‌లో ఏడాది కిందటి సెల్ఫీ. పెద్దది చేసి చూడండి. అప్పట్నుంచీ ఇలాగే ఉందంటే సగం బరువు దిగినట్టే. ప్రతి 5 మందిలో సుమారు ఒకరికి పుట్టుకతోనే రెండు పాపలకీ చిన్న తేడా ఉంటుంది. అది సాధారణంగా 1 మిల్లీమీటరు దాటదు, వెలుగులోనూ చీకట్లోనూ ఒకేలా ఉంటుంది, రెప్ప వాలదు.

ఇక్కడ జరిగే పొరపాట్లు:

ఎండలోంచి లోపలికి వచ్చిన వెంటనే చూడటం. 5 నిమిషాలు ఆగండి.

నిద్రపోతున్న పిల్లల రెప్పలు తెరిచి చూడటం. నిద్రలో పాపలు చిన్నగానే ఉంటాయి. పుట్టిన కొత్తల్లో పసిబిడ్డల పాపలూ చిన్నవే.

రెండిట్లో పెద్దగా ఉన్న పాపే జబ్బుదని తేల్చేయడం. ఏది తప్పో చీకటి, వెలుగు చెప్తాయి. చీకట్లో తేడా పెరిగితే చిన్న పాప విప్పుకోలేకపోతోందని అర్థం. వెలుగులో తేడా పెరిగితే పెద్ద పాప ముడుచుకోలేకపోతోంది. ఆ రెండోది వేరే జబ్బుల కథ. ఉమ్మెత్త కాయ తిన్నవాళ్లకు పాపలు పెద్దవైపోవడం ఆ కోవలోదే.

## 4. రెండు కళ్లూ చిన్నబడి, చెమట, చొంగ: పురుగుమందు

ఈ భాగాన్ని కాస్త ఓపికగా చదవండి. పత్తి, మిరప పండే ఊళ్లలో ఉన్నవాళ్లు ఇంట్లో మిగతావాళ్లకీ చదివి వినిపించండి.

క్లోర్‌పైరిఫాస్, మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, ఎసిఫేట్ లాంటివి ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందులు. గుళికల మందుగా వాడే కార్బోఫ్యూరాన్ కార్బమేట్ జాతి. రెండింటి పనీ ఒకటే. నరాల కొసల దగ్గర ఎసిటైల్‌కొలీన్‌ని ఎప్పటికప్పుడు తుడిచేసే ఎంజైమును అవి కట్టిపడేస్తాయి. తుడిచే దిక్కులేక ఆ రసాయనం పోగుపడుతుంది. ఇంట్లో కుళాయిలన్నీ ఒకేసారి విప్పినట్టు కన్నీరు, చొంగ, చెమట, మూత్రం, విరేచనం అన్నీ పొంగుతాయి. పాప బిగుసుకుపోతుంది. చివరికి ఊపిరితిత్తులు కూడా తమ నీళ్లలో తామే మునుగుతాయి. ప్రాణం తీసేది అదే.

తాగితేనే ఎక్కుతుందనుకోకండి. గాలికి ఎదురుగా కొట్టినప్పుడు చర్మం గుండా, ఊపిరి గుండా కూడా ఎక్కుతుంది. పంపు కారి తడిసిన చొక్కాతో సాయంత్రం దాకా తిరగడం మరీ ప్రమాదం. ఒక కంట్లో తుంపర పడితే ఆ ఒక్క పాపే చిన్నబడి చూపు చీకటిగా అనిపించవచ్చు. అలాంటప్పుడు ఒంట్లో ఇంకే లక్షణమూ లేకపోయినా కన్ను కడిగి, ఆసుపత్రికి వెళ్లి కొన్ని గంటలు డాక్టర్ల పరిశీలనలో ఉండటం మంచిది.

వెంటనే చేయాల్సింది, ఈ వరుసలో:

(1) మీ చేతులకు గ్లవ్స్ వేసుకోండి. లేకపోతే ప్లాస్టిక్ కవర్లు తొడుక్కోండి. కాపాడబోయిన మనిషికి కూడా ఎక్కుతుంది.

(2) మనిషిని గాలి ఆడే చోటికి తీసుకురండి. ఒకరు 108కి ఫోన్ చేసి “పురుగుమందు కేసు” అని స్పష్టంగా చెప్పండి.

(3) బట్టలన్నీ విప్పేయండి. చొక్కా తలమీదుగా లాగొద్దు, కత్తిరించండి. బట్టలు కవర్లో పెట్టి ముడేయండి.

(4) సబ్బుతో, ధారాళంగా నీళ్లతో కడగండి. జుట్టు, చెవుల వెనక, గోళ్ల సందులు, చంకలు మరిచిపోవద్దు. కళ్లలో పడితే మంచినీటి ధార కింద 15 నిమిషాలు.

(5) మగతగా ఉంటే ఎడమవైపు తిప్పి పడుకోబెట్టండి. చొంగ బయటికి కారిపోవాలి.

(6) డబ్బా, లేదా దాని లేబుల్ ఫొటో వెంట తీసుకెళ్లండి. లేబుల్ మీద నలుచదరంగా ఉన్న గుర్తు కింది సగం రంగు చూడండి. ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే క్షేమమని కాదు, మిగతావాటికన్నా తక్కువని మాత్రమే.

చేయకూడనివి: ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, పేడనీళ్లు తాగించి కక్కించడం. గొంతులో వేళ్లు పెట్టడం. పాలు, గుడ్డు సొన పోయడం. ఈ మందులు చాలావరకు నూనెలాంటి ద్రావకంలో కలిపి ఉంటాయి. కక్కేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి జారితే విషానికి ఇంకో ఆపద తోడవుతుంది.

“పాపలు మామూలుగానే ఉన్నాయి కదా” అని ఆగిపోయేవాళ్లకు రెండు మాటలు. ఆర్గానోఫాస్ఫేట్ ఎక్కినా కొందరిలో పాపలు మామూలుగానో పెద్దగానో ఉండొచ్చు. ఇక పారాక్వాట్ లాంటి గడ్డిమందు అసలు పాపల జోలికే పోదు. మనిషి మొదటిరోజు కూర్చుని మాట్లాడుతుంటాడు, లోపల మూత్రపిండాలు, ఊపిరితిత్తులు పాడవుతుంటాయి. ఏ మందు తాగినా దారి ఆసుపత్రికే.

ఆసుపత్రిలో ఏం జరుగుతుందో ముందే తెలుసుకోండి. అట్రోపిన్ ఇంజక్షన్లు వెంటవెంటనే ఇస్తారు. డాక్టర్లు చూసేది ఊపిరితిత్తుల్లో నీటి చప్పుడు తగ్గిందా, నాడి 80 దాటిందా, బీపీ నిలబడిందా అని. పాప పెద్దదవడం వాళ్ల గురి కాదు. మందు ఎక్కాక నోరు ఎండిపోతుంది, మొహం ఎర్రబడుతుంది, మనిషి పరాకు మాటలు మాట్లాడొచ్చు. “పిచ్చెక్కించారు” అని సిబ్బంది మీదికి వెళ్లకండి. తెలియజేయండి, మోతాదు సర్దుతారు.

రెండోరోజు కాస్త తేరుకోగానే సంతకం పెట్టి ఇంటికి తీసుకుపోయే అలవాటు మనలో ఉంది. దయచేసి ఆ పని చేయకండి. 24 నుంచి 96 గంటల మధ్య కొందరికి మెడ కండరాలు, ఊపిరి కండరాలు హఠాత్తుగా బలహీనపడతాయి. దిండు మీంచి తల ఎత్తలేకపోవడం మొదటి గుర్తు. రోజుకి నాలుగైదు సార్లు “తల ఎత్తు” అని అడగండి. ఎత్తలేకపోతే అప్పటికప్పుడు నర్సును పిలవండి. వెంటిలేటరు ఉన్నచోట అది ప్రాణం నిలబెట్టే నిమిషం.

తాగినది కావాలనే అయితే, వార్డులో నిలదీయకండి, తిట్టకండి. కోలుకున్నాక మానసిక వైద్యులను కలపండి. టెలీ మానస్ 14416 నంబరుకు రోగి గానీ, ఇంట్లోవాళ్లు గానీ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో మిగిలిన డబ్బాలు తాళంలో పెట్టండి.

## 5. రెండు కళ్లూ సూదిమొనంత, మనిషి మత్తుగా: నొప్పి మందులు, విరేచనాల మాత్రలు, బీపీ మాత్రలు

మార్ఫిన్, ఫెంటానిల్, కొడీన్ నల్లమందు జాతివి. మోతాదు మించితే మూడు గుర్తులు కలిసి వస్తాయి: సూదిమొన పాప, మగత, మందగించిన ఊపిరి. విరుగుడు నలాక్సోన్ ఆసుపత్రిలో ఉంటుంది. అది చేయగానే లేచి కూర్చుంటారు గానీ, దాని పని గంట, గంటన్నరలోపే అయిపోవచ్చు. మింగిన మందు ఇంకా ఒంట్లోనే ఉంటుంది. లేచారు కదా అని ఇంటికి తీసుకొచ్చేయొద్దు.

క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ వాడేవాళ్ల ఇళ్లలో ఒక పొరపాటు తరచూ చూస్తుంటాను. పాపలు చిన్నబడ్డాయని ఎక్కడో చదివి మాత్ర ఆపేస్తారు, మనిషి నొప్పితో విలవిల్లాడతాడు. ఆ మందు వాడేవాళ్లకు పాపలు చిన్నగా ఉండటం సహజం. మెలకువగా ఉండి, మాట్లాడుతూ, ఊపిరి బాగుంటే మోతాదు ఆపే పని లేదు. ఫెంటానిల్ పట్టీ వేసుకున్నవాళ్లు మాత్రం దాని మీద వేడి కాపడం పెట్టకూడదు, మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. వాడేసిన పట్టీ జిగురువైపు లోపలికి మడిచి పిల్లలకు అందకుండా పారేయండి.

పిల్లల విషయంలో ఇంట్లో ఉండే మూడు మందులతో జాగ్రత్త:

- విరేచనాలు ఆపే డైఫెనాక్సిలేట్ మాత్రలు. పెద్దల మాత్ర ముక్క పిల్లలకు వేయడం చాలా ప్రమాదం. తేరుకున్నట్టు కనిపించి గంటల తర్వాత మళ్లీ ఊపిరి మందగించవచ్చు. ఒక రోజంతా ఆసుపత్రిలోనే ఉండాలి.
- తాతయ్య బీపీకి వేసుకునే క్లోనిడిన్. మింగిన పిల్లవాడు మత్తుగా, పాపలు చిన్నగా, గుండె నెమ్మదిగా కొట్టుకుంటూ కనిపిస్తాడు.
- నీటికాసులకు (గ్లాకోమాకు) వాడే బ్రిమోనిడిన్ కంటిచుక్కలు. పసివాళ్ల కంట్లో వేసినా, నోట్లో పోసుకున్నా మగత కమ్ముతుంది. 2 ఏళ్లలోపు పిల్లలకు అసలు వాడకూడదు.

మానసిక జబ్బులకు వాడే కొన్ని మందులు, మతిమరుపుకిచ్చే డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, కండరాల బలహీనతకిచ్చే పిరిడోస్టిగ్మిన్ కూడా పాపల్ని చిన్నవి చేయగలవు. మీ అంతట మీరు ఆపకండి. మందుల చీటీ తీసుకెళ్లి చూపించండి.

## 6. బీపీ మనిషి కూలబడి, పాపలు చుక్కలైతే: మెదడు కాండం

మెదడును వెన్నుపాముతో కలిపే కాడలాంటి భాగమే మెదడు కాండం. అందులో పాన్స్ అనే చోటు ఉంటుంది. అదుపులో లేని బీపీ వల్ల అక్కడ రక్తనాళం చిట్లితే మనిషి నిమిషాల్లో స్పృహ తప్పుతాడు, కాళ్లూచేతులూ బిగుసుకుంటాయి లేదా పడిపోతాయి, పాపలు రెండూ సూదిమొనంత అవుతాయి. ఇక్కడ కొలతలూ వీడియోలూ వద్దు.

నోట్లో నీళ్లు పోయకండి. నాలుక కింద బీపీ మాత్ర పెట్టకండి. యాస్పిరిన్ వేయకండి, రక్తస్రావమో, రక్తనాళంలో రక్తపు గడ్డో స్కాన్ తీసేదాకా ఎవరికీ తెలియదు. పక్కకు తిప్పి, చివరిసారి మామూలుగా ఉన్నది ఏ టైముకో కాగితం మీద రాసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. గడ్డ వల్ల వచ్చిన పక్షవాతమైతే దాన్ని కరిగించే ఇంజక్షన్‌కు 4.5 గంటలే గడువు. అందుకే ఆ టైము కావాలి.

## 7. ఒక్క కన్నే: ఎర్రబడి, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం

నల్లగుడ్డు పొర వాస్తే పాప చిన్నబడుతుంది. కన్ను లాగుతున్నట్టు నొప్పి, వెలుతురు పడదు, నల్లగుడ్డు చుట్టూ ఎర్రటి వలయం. ఆలస్యమైతే పాప అంచు వెనకున్న కటకానికి అతుక్కుని పాప వంకరటింకరగా తయారవుతుంది. ఆ అతుకు పాతబడేకొద్దీ విడిపోవడం కష్టం, నీటికాసులు తోడవుతాయి. ఇది 24 గంటల్లో కంటి డాక్టరు చూడాల్సిన జబ్బు.

ఎర్రకన్ను అనగానే కళ్లకలక అనుకుంటాం. తేడా ఇలా పట్టుకోండి:

- కళ్లకలక: పుసి, గరగర, పాప మామూలు
- నల్లగుడ్డు పొర వాపు: నొప్పి, వెలుతురు పడకపోవడం, పాప చిన్నది
- నీటికాసుల పోటు: తీవ్రమైన నొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు, పాప సగం విప్పుకుని కదలకపోవడం

ఇక్కడ జరిగే పెద్ద తప్పు మందుల షాపులో అడిగి స్టిరాయిడ్ చుక్కలు వేసుకోవడం. పొర వాపుకు డాక్టరు రాసేది కూడా స్టిరాయిడే, నిజమే. కానీ వరి కోతల్లో, నూర్పిళ్లలో కంటికి ఆకో ఊకో తగిలి నొప్పి మొదలైతే అది బూజు పుండు కావచ్చు. ఆ కంటికీ పాప చిన్నగానే ఉండొచ్చు. దాని మీద స్టిరాయిడ్ పడితే పుండు లోపలికి తొలుచుకుపోతుంది, చివరికి పువ్వు మిగులుతుంది. రెండింటినీ విడదీసేది సూక్ష్మదర్శిని పరీక్ష ఒక్కటే. చనుబాలు, ఆముదం, ఆకుపసరు పోయడం కూడా వద్దు.

ఈ వాపు మళ్లీమళ్లీ వస్తుంటే, పొద్దున లేవగానే నడుం పట్టేస్తుంటే ఆ మాట తప్పకుండా చెప్పండి. వెన్ను కీళ్ల జబ్బు, క్షయ లాంటివి వెనక ఉండొచ్చు. కీళ్లవాతం ఉన్న పిల్లల్లో కన్ను ఎర్రబడకుండానే లోపల వాపు సాగుతుంది, అందుకే వాళ్లకు నొప్పి లేకున్నా కంటి పరీక్ష కావాలి.

## 8. ఒక్క కన్నే: ఎరుపు లేదు, రెప్ప కొంచెం వాలింది

పాపను విప్పే నరం దారి చాలా దూరం. మెదడులో బయల్దేరి, మెడ గుండా ఛాతీ పైభాగానికి దిగి, ఊపిరితిత్తి కొసను ఒరుసుకుంటూ, తిరిగి మెడలోని పెద్ద రక్తనాళం వెంట కంటికి ఎక్కుతుంది. ఈ దారిలో ఎక్కడ దెబ్బ తగిలినా ఒకటే ఫలితం: పాప చిన్నది, రెప్ప ఒకటి రెండు మిల్లీమీటర్లు వాలడం, ఒక్కోసారి మొహంలో ఆ సగం చెమట పట్టకపోవడం. డాక్టర్లు దీన్ని హార్నర్ సిండ్రోమ్ అంటారు.

మీరు మూడో మెట్టులో దీపం ఆపి చూశారే, అది ఈ జబ్బు కోసమే. వెలుగులో రెండు పాపలూ దాదాపు సమానం, చీకట్లో తేడా బయటపడుతుంది, జబ్బు పాప ఆలస్యంగా విప్పుకుంటుంది. చాలామంది పట్టపగలు చూసి “ఏమీ లేదు” అని వదిలేస్తారు.

ఎంత తొందరపడాలన్నది పక్కన ఏముందో చూసి తేల్చుకోవాలి:

మెడ, మొహం, తల ఒకవైపు కొత్తగా నొప్పి ఉంటే ఈ రాత్రే ఎమర్జెన్సీకి. మెడలోని రక్తనాళం లోపలి పొర చీలి ఉండొచ్చు, దాన్నుంచి పక్షవాతం వస్తుంది. బండి మీద కుదుపు, ప్రమాదం, మెడను గట్టిగా తిప్పడం కారణం కావచ్చు. క్షవరం అయ్యాక మెడ రెండు వైపులా టకటకమనిపించుకునే సరదా ఉన్నవాళ్లు దాన్ని మానేయండి.

బీడీ, సిగరెట్, చుట్ట అలవాటుండి, భుజం నొప్పి చేతిలోకి పాకుతుంటే, అరచేతి కండ తగ్గుతుంటే ఈ వారమే ఛాతీ పరీక్ష. ఊపిరితిత్తి కొసలో గడ్డ మామూలు ఎక్స్‌రేలో ఎముకల చాటున దాక్కోగలదు. భుజం నొప్పికి నెలల తరబడి బామ్ రాసుకున్నాక బయటపడిన వాళ్లుంటారు. సీటీ స్కాన్ గురించి అడగండి.

చిన్నపిల్లల్లో కొత్తగా వస్తే ఆలస్యం వద్దు. కాన్పులో భుజం ఇరుక్కుని నరం సాగినందువల్ల పుట్టుకతోనే ఉంటే వేరు. కొత్తగా వచ్చినప్పుడు న్యూరోబ్లాస్టోమా అనే కణితి లేదని మెడ, ఛాతీ, పొట్ట స్కాన్లతో, మూత్ర పరీక్షతో తేల్చుకోవాలి.

కంటి వెనక పొడిచినట్టు నొప్పి, నీరు కారడం, రోజూ ఒకే వేళకు రావడం క్లస్టర్ తలనొప్పి లక్షణం. అయినా మొదటిసారి వచ్చినప్పుడు పైవి కావని తేల్చాకే ఆ పేరు పెట్టాలి.

ఆసుపత్రిలో అప్రాక్లోనిడిన్ చుక్క వేసి చూస్తారు. హార్నర్ ఉన్న పాప దానికి విప్పుకుంటుంది. జబ్బు వచ్చిన తొలిరోజుల్లో ఈ పరీక్ష తప్పుగా బాగుందని చూపొచ్చు కాబట్టి, నొప్పి ఉంటే స్కాన్ ఆపకూడదు. పసిపిల్లలకు ఆ చుక్క పడదు.

## 9. చుక్కల మందు వల్ల, వయసు వల్ల, షుగర్ వల్ల

నీటికాసులకు వాడే పైలోకార్పిన్ పాపను బిగిస్తుంది. అదే మందును చత్వారానికి అద్దాల బదులుగా కూడా వాడుతున్నారు. అమెరికాలో 2021లో 1.25 శాతం చుక్కలకు అనుమతి వచ్చింది. అక్కడి పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన అమ్మానాన్నల సంచుల్లో ఈ సీసా కనిపించవచ్చు. వేసుకున్నాక రాత్రి చూపు తగ్గుతుంది, బండి నడపకూడదు. ఎక్కువ మైనస్ పవర్ ఉన్నవాళ్లు రెటీనా (కంటి వెనక పొర) చూపించుకోకుండా వాడకూడదు. మెరుపులు, నల్లటి చుక్కలు, తెర దిగినట్టు కనిపిస్తే అదేరోజు వెళ్లండి.

వయసు పెరిగేకొద్దీ పాపలు చిన్నబడటం మామూలే. రెండూ సమానంగా, గుండ్రంగా ఉండి, వెలుగుకు కదులుతుంటే భయం లేదు. మొదట రాసిన అమ్మ సంగతి చాలావరకు ఇదే. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో పాపను విప్పే నరాలు మందగించి, చీకట్లో కూడా పాప సరిగా తెరుచుకోదు. అలాంటివాళ్లకు బాత్రూం దారిలో చిన్న దీపం ఉంచండి. పాప చిన్నదని రెటీనా పరీక్ష మానొద్దు, చుక్కలు వేసి చూస్తారు.

రెండు పాపలూ చిన్నగా, వంకరగా ఉండి, టార్చికి కదలకుండా దగ్గరి వస్తువును చూస్తే మాత్రం ముడుచుకుంటే సిఫిలిస్ రక్తపరీక్ష చేయిస్తారు. సిగ్గుపడి తప్పించుకోకండి, పెనిసిలిన్‌తో చికిత్స ఉంది.

శుక్లం ఆపరేషన్‌కు వెళ్లే మగవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. ప్రొస్టేట్‌కు టామ్సులోసిన్ వాడుతున్నా, ఎప్పుడో వాడి ఆపేసినా ముందే సర్జన్‌కు చెప్పండి. ఆపరేషన్ మధ్యలో పాప ముడుచుకుపోయి, నల్లగుడ్డు పొర తెరలా అల్లాడుతుంది. ముందే తెలిస్తే కొక్కేలు, రింగులు సిద్ధం పెట్టుకుంటారు. మాత్ర ఆపినంత మాత్రాన ఆ ప్రమాదం పూర్తిగా పోదు, కాబట్టి సొంతంగా ఆపడం కన్నా చెప్పడమే మేలు.

## 10. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సినవి

- వెలుగులో, చీకట్లో రెండు కళ్ల కొలతలు, 5, 15 సెకన్ల వీడియో
- పాత ఫొటోలు రెండు మూడు, వేర్వేరు ఏళ్లవి
- వాడే మాత్రలు, కంటిచుక్కలు, పట్టీలు, పసర్లు అన్నీ ఒక సంచిలో
- పొలం పని, మందు కొట్టిన రోజు, దాని పేరు
- మెడకు కుదుపు, కంటికి దెబ్బ, పాత కంటి ఆపరేషన్లు, తేదీలతో
- పొగ అలవాటు, బరువు తగ్గడం, భుజం నొప్పి

ఎరుపు, నొప్పి ఉంటే కంటి ఆసుపత్రికి: హైదరాబాద్ సరోజినీ దేవి, ఎల్.వి.ప్రసాద్, విశాఖ ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి లాంటివి, లేదా మీకు దగ్గర్లోని కంటి డాక్టరు. మత్తు, ఊపిరి, పక్షవాతం, విషం అనుమానముంటే కంటి ఆసుపత్రి దారి పట్టి సమయం పోగొట్టుకోవద్దు, ఐసీయూ ఉన్న జనరల్ ఆసుపత్రికే వెళ్లండి.

పరీక్షకు బయల్దేరే ముందు ఇంట్లో ఉన్న ఏ కంటిచుక్కా వేయకండి. రోజూ వాడే నీటికాసుల చుక్కలుంటే మానకుండా వేసుకుని, వేసిన టైము చీటీ మీద రాసుకెళ్లండి. పాపను పెద్దది చేసే చుక్కలు వేశాక చూపు కొన్ని గంటలు మసకగా ఉంటుంది కాబట్టి బండి నడిపే మనిషి వెంట ఉండాలి.